గీజర్ వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోంది, తీసేయించమంటున్నారు

ప్రశ్న: మూడు నెలల క్రితం ఇంట్లో వైరింగ్ అంతా మార్పించాం. మెయిన్ బోర్డులో కొత్తగా ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకో మనిషిలోకో లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టారు. నెల రోజులుగా గీజర్ వేసిన పది నిమిషాలకు అది పడిపోయి ఇల్లంతా కరెంటు పోతోంది. కాసేపాగి పైకి ఎత్తితే నిలుస్తోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, 'ఎమ్‌సీబీలు ఉన్నాయి కదమ్మా, అవి చాలు. ఇది తీసేసి డైరెక్ట్ చేసేస్తా' అన్నాడు. మా అత్తయ్య కూడా, 'పాత ఇంట్లో ముప్పై ఏళ్లున్నాం, ఇలాంటివేవీ లేవు, మాకేం కాలేదు' అంటున్నారు. మా ఆయన ఇంటి నుంచే పనిచేస్తారు, మీటింగ్ మధ్యలో కరెంటు పోతే ఆయనకు టెన్షన్. మాకు ఏడాదిన్నర బాబు ఉన్నాడు. ఎప్పుడూ ప్లగ్ పాయింట్ల దగ్గరే ఆడతాడు. వాటికి ప్లాస్టిక్ మూతలు పెట్టాను. ఆర్‌సీసీబీ తీసేస్తే నిజంగా ప్రమాదమా? - ఒక పాఠకురాలు

జవాబు: తీసేయించకండి. దానికన్నా ముందు, ఈ రోజు నుంచే గీజర్ వాడటం ఆపేయండి. గీజర్ ఎమ్‌సీబీ (బోర్డులో ఆ లైనుకున్న చిన్న స్విచ్) దించి, ప్లగ్ ఉంటే ఊడదీసి, ఎవరూ మళ్లీ వేయకుండా అక్కడ ఓ కాగితం అంటించండి. ఆర్‌సీసీబీని మళ్లీ మళ్లీ పైకి ఎత్తి గీజర్ నడిపిస్తున్నారని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. నాకు ఎక్కువ భయం వేసింది అక్కడే. పాతికేళ్లు ఇళ్ల వైరింగ్ పనులు చేయించిన వాడిగా చెబుతున్నాను, గీజర్ వేసినప్పుడే పడిపోతోందంటే చాలాసార్లు లోపం గీజర్‌లోనే ఉంటుంది. ఆర్‌సీసీబీ చెబుతున్నది నిజమేననుకుని మొదలుపెట్టండి.

'ఎమ్‌సీబీలు ఉన్నాయి కదా' అన్న మాట దగ్గరికి వద్దాం. చాలామంది మంచి పనివాళ్లు కూడా ఈ మాట అంటారు. ఎమ్‌సీబీ కాపాడేది వైరును. వైరు మోయగలిగినదాని కన్నా ఎక్కువ కరెంటు లాగితే పడిపోతుంది, షార్ట్ సర్క్యూట్ అయితే పడిపోతుంది. గీజర్ లైనుకు మామూలుగా 16 లేదా 20 ఆంపియర్ల ఎమ్‌సీబీ ఉంటుంది. మనిషి గుండె లయ తప్పడానికి అంత కరెంటు అక్కర్లేదు. 50 మిల్లీ ఆంపియర్లు, అంటే ఒక ఆంపియర్‌లో ఇరవయ్యో వంతు, ఒకటి రెండు సెకన్లు ఒంట్లోంచి పోయినా ప్రాణం మీదికి రావచ్చు. స్నానం చేస్తూ తడిసి ఉన్న శరీరం ఇచ్చే అడ్డు వెయ్యి ఓమ్‌లు అనుకోండి. 230 వోల్టులు తగిలితే ఆ మనిషిలోంచి పారేది 230 మిల్లీ ఆంపియర్లు. ఆ కరెంటు ఎమ్‌సీబీకి ఎలా కనబడుతుందో తెలుసా? ఎక్కడో ఓ 50 వాట్ల బల్బు వెలిగించినట్టు కనబడుతుంది. మనిషి పోతున్నా అది కదలదు. అది పాడైపోయి కాదు, దాని పనే అది కాదు.

ఆర్‌సీసీబీ కరెంటు ఎంత వాడుతున్నారో పట్టించుకోదు, వెళ్లినదీ తిరిగొచ్చినదీ లెక్క సరిపోయిందా లేదా అని మాత్రమే చూస్తుంది. ఫేజ్ వైరూ న్యూట్రల్ వైరూ రెండూ దాని లోపల ఒకే ఇనుప రింగు మధ్య నుంచి వెళతాయి. ఫేజ్‌లో పది ఆంపియర్లు వెళ్లి న్యూట్రల్‌లో పది ఆంపియర్లూ వెనక్కి వస్తే ఒకదాని అయస్కాంత ప్రభావాన్ని ఇంకొకటి చెరిపేస్తుంది, రింగులో ఏమీ మిగలదు. అందులో కొంచెం ఎర్త్ వైరులోకో, తడి నేల మీద నిలబడ్డ మనిషిలోంచి భూమిలోకో పోయిందంటే లెక్క తప్పుతుంది. ఆ తేడాకు రింగు చుట్టూ ఉన్న సన్నటి కాయిల్‌లో కరెంటు పుట్టి స్విచ్‌ని పడగొడుతుంది. ఇళ్లలో మనుషుల రక్షణకు పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. 15 లోపు తేడాకు అది పడకూడదు, 30కి తప్పకుండా పడిపోవాలి, అదీ 300 మిల్లీ సెకన్ల లోపు. తేడా 150 మిల్లీ ఆంపియర్లు ఉంటే 40 మిల్లీ సెకన్ల లోపు. మన గుండె ఒకసారి కొట్టుకోవడానికి సుమారు 800 మిల్లీ సెకన్లు పడుతుంది. అందులో ఇరవయ్యో వంతులో కరెంటు పోతుందన్నమాట.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆర్‌సీసీబీ ఉన్నా షాక్ కొడుతుంది. ఆ క్షణంలో ఒంట్లోంచి పోయే కరెంటును అది తగ్గించదు, పోయే సమయాన్ని తగ్గిస్తుంది. చురుక్కుమంటుంది, చెయ్యి విదిలించుకుంటారు, అప్పటికే కరెంటు పోయి ఉంటుంది. అది లేకపోతే చెయ్యి ఒక్కోసారి విదిలించుకోలేరు. కరెంటుకు కండరాలు బిగుసుకుని, పట్టుకున్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో పనిచేసిన ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్ దీని మీద చాలా ఏళ్లు పరీక్షలు చేశారు. పట్టుకున్న తీగను తనంతట తాను వదిలేయగలిగే హద్దు సగటున మగవాళ్లలో దాదాపు 16, ఆడవాళ్లలో 10.5 మిల్లీ ఆంపియర్లని ఆయన లెక్క తేల్చారు. ఆయనే 1961లో జీఎఫ్‌సీఐ అనే పరికరాన్ని తయారు చేశారు. అమెరికాలో బాత్రూముల్లోనూ సింకుల పక్కనా కనిపించే, 'టెస్ట్', 'రీసెట్' అని రెండు చిన్న బటన్లున్న సాకెట్ అదే. అది 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్ల మధ్యనే పడిపోతుంది, అంటే చెయ్యి ఇంకా మన మాట వినే హద్దులోనే. మీ బోర్డులో ఉన్నదానిదీ అదే సూత్రం. కాకపోతే ఒక్కటే ఇంటి మొత్తాన్ని చూసుకోవాలి కాబట్టి దాన్ని 30కి పెడతారు. కంప్యూటర్లు, వాషింగ్ మెషిన్ల లాంటి వాటి ఫిల్టర్ల నుంచి మామూలుగానే కాస్త కాస్త కరెంటు ఎర్త్‌లోకి జారుతుంటుంది. అన్నీ కలిస్తే 5 మిల్లీ ఆంపియర్లు సులువుగా దాటుతాయి.

ఇప్పుడు మీ గీజర్ సంగతి. లోపల నీళ్లలో మునిగి ఉండే హీటింగ్ ఎలిమెంట్ ఒక లోహపు గొట్టం. దాని మధ్యలో వేడెక్కే తీగ చుట్ట ఉంటుంది. తీగకూ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గట్టిగా కూరి ఉంటుంది. వేడిని పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది. ఉప్పు నీళ్లకు గొట్టం మీద తెల్లగా గార పేరుకుంటుంది. గార కింద లోహం వేడి తట్టుకోలేక ఎక్కడో వెంట్రుకంత పగులు ఇస్తుంది. ఒకసారి ఇలాగే పడిపోతున్న గీజర్‌లోంచి ఎలిమెంట్ తీయించి చూశాను. పైకి బాగానే ఉంది. గార రాలగొట్టి, తడి గుడ్డతో తుడిచి, వెలుగులో తిప్పి చూస్తే వంపు దగ్గర సూది గీసినంత గీత, గోరుతో తడిమితే తప్ప తెలియడం లేదు. ఆ గీతలోంచి నీళ్లు పొడిలోకి వెళుతున్నాయి, తడిసిన పొడిలోంచి కరెంటు గొట్టంలోకి జారుతోంది. మీ ఇంట్లో పది నిమిషాల తర్వాతే పడిపోవడానికి కారణం కూడా ఇలాంటిదే కావచ్చు. వేడెక్కేకొద్దీ లోహం సాగి పగులు విచ్చుకుంటుంది, లీకేజీ పెరుగుతుంది, చల్లారాక మళ్లీ మూసుకుంటుంది. కాసేపాగి ఎత్తితే నిలవడానికీ అదే కారణం అయి ఉండవచ్చు.

ఎంత లీకేజీ మామూలు, ఎంత కాదు అన్నదానికి ఒక లెక్క ఉంది. గోడకు బిగించి ఎర్త్ ఇచ్చే ఇలాంటి వేడి చేసే పరికరాలకు అంతర్జాతీయ ప్రమాణం కిలోవాట్‌కు 0.75 మిల్లీ ఆంపియర్ల లీకేజీ వరకే ఒప్పుకుంటుంది. మీది 2 కిలోవాట్ల గీజర్ అయితే 1.5 మిల్లీ ఆంపియర్లు. మీ ఆర్‌సీసీబీ పడాలంటే కనీసం 15 కావాలి. అంటే గీజర్ ఒక్కటే కారణమైతే అది ఉండాల్సినదానికి పదింతలు కరెంటును వదులుతోంది. ఇప్పుడది ఎర్త్ వైరులోంచి పోతోంది కాబట్టి మీకు తెలియడం లేదు. ఆర్‌సీసీబీ తీసేశారనుకోండి, గీజర్ హాయిగా నడుస్తుంది, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. ఆ తర్వాత ఎప్పుడో ఎర్త్ వైరు ఒక స్క్రూ దగ్గర వదులై ఊడిపోతే, ఆ కరెంటు గీజర్ బాడీలోకి, పైపుల్లోకి, కుళాయిలోకి, పడే నీళ్లలోకి వస్తుంది. కింద నిలబడేది మీరు కావచ్చు, బాబుకు స్నానం చేయిస్తున్న అత్తయ్య కావచ్చు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అత్తయ్యగారితో వాదించకండి. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. మెల్లగా ఒకటి అడగండి: పాత ఇంట్లో ఎప్పుడైనా తడి చేత్తో కుళాయి ముట్టుకుంటే జివ్వుమనేదా? ఫ్రిజ్ తలుపో, వాషింగ్ మెషిన్ మూతో చురుక్కుమనిపించేదా? చెప్పులేసుకుని ముట్టుకోండి అని ఇంట్లో ఎవరైనా అనేవారా? నేను ఈ ప్రశ్న అడిగిన ప్రతి పెద్దావిడా 'అవును, అది ఎప్పుడూ ఉండేదే' అని చెప్పింది. ఆ జివ్వుమనడమే లీకేజీ. అప్పుడు దాన్ని చెప్పడానికి ఇంట్లో ఏదీ లేదు, ఇప్పుడు ఉంది.

అసలు లోపం గీజర్‌లోనే ఉందో లేదో ఎలా తేలుతుంది? మీరు చేయగలిగింది సులువే. గీజర్ పూర్తిగా పక్కన పెట్టి వారం రోజులు చూడండి. ఒక్కసారి కూడా పడకపోతే దొంగ దొరికినట్టే. అయినా పడిపోతుంటే, పడిపోయిన సమయానికి ఏమేం వేసి ఉన్నాయో ఓ కాగితం మీద రాయండి. తర్వాత ప్లగ్గులన్నీ ఊడదీసి (స్విచ్ ఆపితే చాలదు, ఊడదీయాలి) ఒక్కొక్కటే పెడుతూ రండి. బోర్డు విప్పడం, వైర్లు ముట్టుకోవడం మాత్రం మీరు చేయకండి. గీజర్‌ను మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) చూడటం ఎలక్ట్రీషియన్ పని. సరఫరా తీసేసి 500 వోల్టుల డీసీతో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఇన్సులేషన్ ఎంతుందో చూస్తారు. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ వస్తే ఎలిమెంట్ మార్చాల్సిందే. ఆ అంకె మీకు చూపించమని అడగండి. టెస్టర్ స్క్రూడ్రైవర్ పెట్టి 'ఏం లేదమ్మా' అంటే ఒప్పుకోకండి, దానికి ఇది తెలియదు.

గీజర్ బాగుందని తేలితే వైరింగ్‌ను అనుమానించాలి. కొత్త వైరింగ్‌లో తరచూ జరిగే తప్పు ఒకటుంది, న్యూట్రల్ కలిసిపోవడం. పై అంతస్తుకొకటి, కింది అంతస్తుకొకటి ఆర్‌సీసీబీ ఉన్న ఒక ఇంట్లో మెట్ల లైటు వేస్తే చాలు, పడిపోయేది. రెండుసార్లు ఆర్‌సీసీబీలే మార్చారు, మారలేదు. చివరికి మెట్ల మీది స్విచ్ బోర్డు విప్పితే బయటపడింది. లైటుకు ఫేజ్ కింది నుంచి తీసుకున్నారు, న్యూట్రల్ దగ్గర్లో ఉందని పై అంతస్తు లైనులోంచి లాగారు. కింది ఆర్‌సీసీబీ చూస్తే కరెంటు వెళ్లింది కానీ తిరిగి రాలేదు. పైది చూస్తే వెళ్లనిది తిరిగొచ్చింది. 40 వాట్ల బల్బు లాగేది 170 మిల్లీ ఆంపియర్లకు పైనే, ఇక పడక ఏమవుతుంది. ఆర్‌సీసీబీ దాటాక న్యూట్రల్, ఎర్త్ ఎక్కడ తగిలినా ఇదే గొడవ. మీ ఎలక్ట్రీషియన్‌ని ఈ రెండూ చూడమనండి.

మీ ఆయన ఇబ్బంది కూడా నిజమైనదే. గీజర్ పాడైతే కంప్యూటర్ ఎందుకు ఆగిపోవాలి? దీనికి మందు ఆర్‌సీసీబీని తీసేయడం కాదు, ఇంకోటి చేర్చడం. బాత్రూములు, వాషింగ్ మెషిన్, బయటి మోటార్ ఒక ఆర్‌సీసీబీ మీద పెట్టి, గదుల్లోని ప్లగ్గులు, లైట్లు ఇంకోదాని మీద పెట్టించండి. బోర్డులో చోటుంటే ఫ్రిజ్‌కు, పని గదికి విడిగా ఆర్‌సీబీఓలు పెట్టుకోవచ్చు, ఎమ్‌సీబీ పనీ ఆర్‌సీసీబీ పనీ రెండూ అదే చేస్తుంది. అప్పుడు లోపం ఉన్న లైను ఒక్కటే పోతుంది, లోపం వెతకడం కూడా తేలికవుతుంది. కొనేటప్పుడు దాని మీద 30 ఎంఏ అని ఉందో లేదో చూడండి. 100, 300 ఉన్నవి మంటలు అంటుకోకుండా చూడటానికి, మనిషిని కాపాడటానికి కాదు. రకం 'ఏ' తీసుకోండి. 'ఏసీ' రకం మామూలు ఏసీ లీకేజీనే గుర్తిస్తుంది. ఇన్వర్టర్ టెక్నాలజీ వాషింగ్ మెషిన్ల లాంటి వాటిలో లోపం వస్తే కరెంటు మరో తీరులో కారుతుంది, దాన్ని 'ఏసీ' రకం సరిగా పట్టుకోలేకపోవచ్చు. పాత ఇళ్లలో ఎర్త్ వైరుకు కలిపి ఉండే వోల్టేజ్ రకం ఈఎల్‌సీబీ ఎవరైనా ఇస్తానంటే వద్దనండి. అది ఎర్త్ వైరులో ఏం జరుగుతోందో మాత్రమే చూస్తుంది. మనిషి ఫేజ్‌ను నేరుగా ముట్టుకుంటే దానికి తెలియదు.

ఇంట్లో కరెంటు పోతే నడిచే ఇన్వర్టర్ ఉందా? ఉంటే ఇంకో సంగతి అడిగి తెలుసుకోండి. మెయిన్ బోర్డులోని ఆర్‌సీసీబీ ఇన్వర్టర్‌కు ముందుంటే, బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఆ లైనుకు దాని కాపలా ఉండదు. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కు వేరేది ఉండాలి.

ఇక బాబు. మీరు పెట్టిన ప్లాస్టిక్ మూతలు ఏమీ లేకపోవడం కన్నా మేలు. కానీ వాటి మీద నాకు నమ్మకం తక్కువ. వాక్యూమ్ క్లీనర్ కోసం తీసినవాళ్లు మళ్లీ పెట్టడం మరిచిపోతారు. ఏడాదిన్నర పిల్లాడికి గోళ్లతో పీకడం రాదనుకోవద్దు. చిన్నదైతే నోట్లో పెట్టుకుంటాడు, గొంతుకు అడ్డం పడే ప్రమాదం. వాటికి బదులు లోపలే షట్టర్లున్న సాకెట్లు వేయించండి. వాటిలో రంధ్రాల వెనక చిన్న తలుపులుంటాయి. కొన్నింట్లో రెండు పిన్నులూ ఒకేసారి నొక్కితేనే తెరుచుకుంటాయి. కొన్నింట్లో పైనున్న పొడుగాటి ఎర్త్ పిన్ను ముందు లోపలికి వెళ్లి తలుపు తీస్తుంది. ఆ పిన్ను పొడుగ్గా ఉండటానికి ఇంకా పెద్ద కారణముంది: ప్లగ్ పెట్టేటప్పుడు ఎర్త్ అన్నిటికన్నా ముందు తగలాలి, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర వదలాలి. టూ పిన్ను అడాప్టర్‌తో త్రీ పిన్ను ప్లగ్ వాడేవాళ్లు ఆ రక్షణను చేజేతులా తీసేసుకుంటున్నారు.

షట్టర్లు, ఆర్‌సీసీబీ రెండూ ఎందుకంటే ఒకటి చేయలేనిది ఇంకోటి చేస్తుంది. బాబు నేల మీద కూర్చుని ఒక రంధ్రంలో పిన్నీసు పెట్టాడనుకోండి, కరెంటు అతనిలోంచి నేలలోకి పోతుంది, ఆర్‌సీసీబీ పడిపోతుంది. రెండు చేతులతో రెండు రంధ్రాల్లోనూ ఒకేసారి పెడితే? ఫేజ్‌లో వెళ్లిన కరెంటు ఒంట్లోంచి న్యూట్రల్‌లోకి తిరిగి వచ్చేస్తుంది. లెక్క సరిపోయింది కాబట్టి ఆర్‌సీసీబీకి అది కూడా ఓ బల్బులాగే కనబడుతుంది. ఆ పరిస్థితి రాకుండా చూసేది షట్టరే. పెద్దవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఆర్‌సీసీబీ ఉంది కదా అని స్విచ్ ఆపకుండా హోల్డర్‌లో చెయ్యి పెట్టకూడదు.

ఆర్‌సీసీబీ మీద 'టి' అని ఓ చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి దాన్ని నొక్కండి. నొక్కితే లోపలి రెసిస్టర్ గుండా కావాలనే కాస్త తేడా పుట్టించి అది తనను తానే పరీక్షించుకుంటుంది. టక్కున పడాలి. చాలా రోజులు కదలకుండా ఉంటే లోపలి మెకానిజం బిగుసుకుపోవచ్చు, నొక్కుతుంటే ఆ బాధ కూడా ఉండదు. నొక్కినా పడకపోతే ఆ రోజే మార్పించండి. పడింది కదా అని ఎర్తింగ్ బాగుందనుకోవద్దు, ఆ బటన్‌కు ఎర్త్ వైరుతో సంబంధమే లేదు. ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్ విడిగా చూడాలి.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మీరు దగ్గరుండండి. మెగ్గర్‌లో వచ్చిన అంకె, ఎలిమెంట్ మార్చిన తేదీ ఓ కాగితం మీద రాసి బోర్డు తలుపు లోపల అంటించండి. ఆ తర్వాత కూడా పడిపోతుంటే మళ్లీ రాయండి. అప్పుడు ఏమేం వేసి ఉన్నాయో, వాన పడుతోందా, ఇన్వర్టర్ ఉందా, ఉంటే దాని లైను ఎక్కడి నుంచి వస్తోందో కూడా రాయండి.